పొరుగు పద్దులు

మార్చి 30, 2025. ఉగాది

పంచాంగ శ్రవణం. ఈ ఏడు అపరాలకు గిరాకీ ఉంటుందన్నారు సిద్ధాంతిగారు. ఘంటసాల నుంచి వచ్చిన బావ కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. తన మినుములు ఇంకా ఇంట్లోనే ఉన్నాయి.

మొన్న శుక్రవారం మయన్మార్‌లో భూకంపం. టీవీ నిండా శిథిలాలు. గొల్లపూడి షావుకారు బావకి ఫోన్ చేశాడు. రంగూన్ రేవుకి ఏమీ కాలేదట, మినుము రేటు మీద ఆశ పెట్టుకోవద్దన్నాడు. ఇద్దరూ కాసేపు అయ్యో అనుకున్నారు. దేనికో తెలియలేదు.

ఏప్రిల్ 2

గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్. బావ వెంట వెళ్లాను. ఇక్కడ పలకరింపు "బాగున్నారా" కాదు. "బర్మా ఎంత?"

మద్రాసు రేవులో దిగే సరుకు రేటు అది. అది తెలిశాకే ఇక్కడి మినుముకి నోరు లేస్తుంది. మద్దతు ధర 7,400. బర్మా సరుకు వచ్చే మార్చి 31 దాకా సుంకం లేకుండా రావచ్చు.

అక్కడివాళ్లు మినుము పెద్దగా తినరు. మనం తింటామని పండిస్తారు. 2017 ఆగస్టులో మనం, మినుమూ పెసరా కలిపి ఏడాదికి మూడు లక్షల టన్నుల దిగుమతి చాలన్నాం. అక్కడ రేటు పడిపోయింది. ఇక్కడా లేవలేదు. మేలు ఎవరికి జరిగిందో బావ ఇప్పటికీ ఆరా తీస్తున్నాడు. 2021లో మళ్లీ తలుపులు తెరిచి, ఏటా రెండున్నర లక్షల టన్నుల మినుము కొంటామని ఐదేళ్లకి కాగితం రాసుకున్నాం. ఆ ఫిబ్రవరిలోనే అక్కడ సైన్యం గద్దెనెక్కింది. ఇడ్లీ ఆగలేదు.

తిరిగొస్తూ టిఫిన్. "ఈ పప్పు మనదా, బర్మాదా?" అన్నాడు బావ. సర్వరు, "నెయ్యి వెయ్యమంటారా?" అన్నాడు.

ఏప్రిల్ 24

పహల్గాంలో ఉగ్రదాడి. పాకిస్తాన్ సరిహద్దులో అటారీ దారి మూసేశారు.

మా ఆవిడ బీపీకి మంచిదని సైంధవ లవణం వాడుతుంది. ఎక్కడిదని కొట్లో అడిగాను. "హిమాలయాలదండీ." ప్యాకెట్ మీద మంచు కొండ. గని పేరు ఖేవ్రా. అది పాకిస్తాన్ పంజాబులో ఉంది. కొండ బొమ్మకి ఏ దేశం జెండా లేదు.

మే 3

నిన్న ఉత్తర్వు. పాకిస్తాన్ సరుకు నేరుగా గానీ చుట్టు తిరిగి గానీ రాకూడదు. 2019 నుంచి ఉన్న 200 శాతం సుంకం చాలలేదన్నమాట. ఉత్తరాలూ పార్సిళ్లూ కూడా బంద్.

కొట్టువాడు ఆ ఉప్పు కిలోకి ఇరవై పెంచాడు.

"స్టాకు పాతదే కదయ్యా?"

"స్టాకు పాతదేనండీ. రేటు కొత్తది."

మే 19

బీసెంట్ రోడ్డు. మనవడికి టీషర్టు. మెడ వెనక చీటీ: మేడ్ ఇన్ బంగ్లాదేశ్. ఇంకెన్నాళ్లు దొరుకుతాయో తెలియదు, రెండు తీసుకోండి అన్నాడు కుర్రాడు. వ్యాపారం వచ్చినవాడు.

ఏప్రిల్‌లో వాళ్లు మన నూలు లారీల్లో రాకూడదన్నారు. మొన్న శనివారం మనం వాళ్ల చొక్కాలు లారీల్లో రాకూడదన్నాం. కలకత్తా రేవుకో ముంబయి పక్కన నవషేవాకో ఓడలో వస్తే అభ్యంతరం లేదు. నేల మీద గొడవ, నీళ్ల మీద మాటలున్నాయి.

చిలకలూరిపేటలో నూలు మిల్లు గుమాస్తా ఒకాయన తెలుసు. ఫోన్ చేశాను. "చొక్కా వాళ్లదైనా నూలు మాదేనండీ" అన్నాడు. రెండు కొన్నాను.

మే 26

1930లో ఇదే రోజు రంగూన్‌లో కొట్లాట. రేవులో తెలుగు కూలీలు జీతం పెంచమని సమ్మె కట్టారు. బదులుగా బర్మావాళ్లని పెట్టారు. సమ్మె తీరింది. బర్మావాళ్లని ఇంక వెళ్లమన్నారు. ఆ పొద్దున మొదలైంది.

తాతయ్య తమ్ముడు అప్పుడు అక్కడే. తర్వాత వచ్చేశాడు. ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదట. బియ్యం మాత్రం అక్కడివే బాగుండేవనేవాడు. కృష్ణా జిల్లాలో కూర్చుని.

జూన్ 27

నవషేవాలో 39 కంటెయినర్లు పట్టుకున్నారు. 1,115 టన్నులు, దాదాపు 9 కోట్ల సరుకు. ఎక్కువగా ఎండు ఖర్జూరం. పాకిస్తాన్‌లో బయల్దేరి దుబాయ్‌లో పెట్టె మారి, అక్కడిదాన్నేనంటూ వచ్చింది.

మేనకోడలి సారె వచ్చే నెల. ఎండు ఖర్జూరం లేకుండా సారె ఏమిటంది మా ఆవిడ. దుబాయ్‌దే దొరికింది.

ఆగస్టు 19

చైనా విదేశాంగ మంత్రి వాంగ్ యీ ఢిల్లీలో. ఎరువుల ఎగుమతికి అడ్డు తీస్తామన్నారని వార్త.

బావ ఫోను. పొద్దున నాలుగింటికి యూరియా కోసం సొసైటీ దగ్గరికి వెళ్తే అప్పటికే లైన్లో చెప్పులున్నాయట. మనుషులు అరుగు మీద నిద్ర. ఒక జత ముందు రాయి పెట్టి, రాయి కింద పాస్‌పుస్తకం జెరాక్సు. ఆ చెప్పులాయన ఇంటికెళ్లి పాలు పితికి వచ్చాడు. ఎవరూ కాదనలేదు. మధ్యలో కొత్త చెప్పులు దూరితే మాత్రం పెద్ద రభస.

2023-24లో చైనా నుంచి దాదాపు 19 లక్షల టన్నుల యూరియా వచ్చింది. మరుసటి ఏడు లక్ష. బావకి ఆ లెక్కలు చెప్పాను. "లక్షలొద్దు, మూడు బస్తాలు చాలు" అన్నాడు.

ఆగస్టు 28

నిన్న వినాయక చవితి. నిన్నటి నుంచే అమెరికా 50 శాతం సుంకం. కైకలూరు వైపు రొయ్య చెరువులవాళ్లు తలలు పట్టుకున్నారు. అమెరికా పొరుగు కాదు. కారణం మాత్రం మనం రష్యా దగ్గర చమురు కొనడమట.

పందిరికి చైనా దీపాలు. 2020లో గల్వాన్ ఘర్షణ తర్వాత ఇదే కమిటీ, చైనా వస్తువులు వద్దని ఫ్లెక్సీ కట్టింది. ఆ ఫ్లెక్సీ బావ పట్టుకెళ్లాడు. గేదెల చావిడి మీద వేశాడు. వాన బాగానే ఆపుతోందట.

సెప్టెంబరు 2

బావకి ఒక బస్తా దొరికింది. పసుపు రంగు, 45 కిలోలు, రూ. 266.50. అర్ధరూపాయి ఊళ్లో ఎవరి దగ్గరా లేదు. దానితోపాటు నానో యూరియా సీసా కూడా తీసుకోవాలన్నాడట డీలరు. తీసుకున్నాడు. సీసా ఇంకా మూత తియ్యలేదు. వరి పిలక వేసే టైము దాటుతోంది.

సెప్టెంబరు 10

దసరాకి 1,200 టన్నుల ఇలిష చేప పంపడానికి బంగ్లాదేశ్ ఒప్పుకుంది. బెంగాలీలకి. మామూలు రోజుల్లో ఎగుమతి లేదు, 2012 నుంచీ. పోయినేడు ముందు ఇవ్వమని, తర్వాత 3,000 టన్నులన్నారు. ఈసారి స్నేహం సగానికి తక్కువ.

గోదావరి ఎక్కితే అదే చేప పులస. చేపల మార్కెట్లో ఒకడు పులసే అని ఒట్టేశాడు. ఐసు పెట్టె మీద ఒడియా అక్షరాలు. ఆ అక్షరాలే చూస్తున్నానని వాడికి తెలుసు. పెట్టె తిప్పి పెట్టాడు.

అక్టోబరు 4

దసరాకి అమ్మవారి దర్శనానికి వచ్చిన బావ ఇంకా వెళ్లలేదు.

ఈ నెలాఖరు నుంచి కలకత్తా-గ్వాంగ్‌జౌ విమానం. ఐదేళ్లకి పైగా నేరుగా లేదు. కింద వాటాలో ఫ్యాన్సీ సామాన్ల కొట్టాయన ఇన్నాళ్లూ బ్యాంకాక్ మీదుగా వెళ్లొచ్చేవాడు. స్వీటు పట్టుకొచ్చి, ఈసారి నేరుగానే వెళ్తున్నాను, ఏమైనా తేవాలా అన్నాడు. మా ఆవిడ ఆలోచిస్తోంది.

బావ పేపరు దించి, విమానంలో సామాను ఎన్ని కిలోల దాకా రానిస్తారని అడిగాడు.

ఇరవై మూడు, అన్నాడాయన.

"అర బస్తా" అని మళ్లీ పేపరు ఎత్తుకున్నాడు.