నెలవంక కనిపించిందా?

ఎదుటివారి తప్పును పట్టుకొనుట ఉపాధ్యాయునకు అలవాటు. ఆ తప్పు ఎక్కడ పుట్టినదో విచారించుట మాత్రం అంత అలవాటు కాదు. తెలుగు పాఠం చెప్పుకొని బ్రతికే మేము ఈ సంగతిని ఏ గ్రంథంలోనూ చదివి తెలిసికొనలేదు. రెండవ తరగతి చదువుచున్న మా ఏడేళ్ళ కుమార్తె వలన తెలిసికొన్నాము.

మా అమ్మాయి మీద ఇంటిలో మూడు నేరాలు ఉండేవి. మొదటిది, నల్లబల్ల మీది లెక్కలను తప్పుగా ఎక్కించుకొనుట. 8 ఉన్నచోట 3, 7 ఉన్నచోట 1 వ్రాసికొని, ఆ తప్పు అంకెలతోనే లెక్కను ఒప్పుగా చేసేది. "శ్రద్ధ లేదు" అని పుస్తకంలో ఎర్ర సిరాతో వ్రాసి పంపినారు. రెండవది, పుస్తకాన్ని ముక్కుకు ఆనించి చదువుట. మూడవది మాకు మిక్కిలి అవమానంగా తోచినది. వీధిలో పెద్దలు కనబడినా సలాం చెప్పదు. ఎదురింటి అరుగు మీద కూర్చునే పెద్దాయన ఒకనాడు, "లెక్చరర్ గారి అమ్మాయికి అప్పుడే గర్వం వచ్చిందే!" అని నవ్వుతూ అన్నారు. ఆ సాయంత్రం పిల్లను ఎదుట నిలబెట్టి గట్టిగా మందలించాము. తల వంచుకొని విన్నదే గాని, కనబడలేదని ఒక్కమాట అనలేదు.

ఎట్లు అనగలదు? కొంచెం కొంచెంగా మసకబారిన లోకమే ఆ బిడ్డకు అసలు లోకం. అందరికీ అట్లే కనిపిస్తుందని అనుకొన్నది.

కనిపెట్టినది మేము కాదు, మా శ్రీమతి. ఒక మధ్యాహ్నం బడి గేటు వద్ద నిలబడి చేయి ఊపినదట. తల్లి కోసమే వెదకుచున్న పిల్ల తల్లి వైపు చూచి కూడా, మరొకరి వైపు నడిచినదట. మరునాడే కంటి డాక్టరు వద్దకు తీసికొని వెళ్ళాము.

అక్కడ 6 మీటర్ల దూరంలో అక్షరాల పట్టిక ఉన్నది. 1862లో స్నెల్లెన్ అనే డచ్చి వైద్యుడు ఏర్పరచిన పద్ధతి అది. మా అమ్మాయి అన్నిటికన్న పైనున్న పెద్ద అక్షరాన్ని మాత్రమే చదివి ఆగిపోయింది. ఆరోగ్యమైన కన్ను 60 మీటర్ల నుండి గుర్తించగల అక్షరం అది! కంటి కండరాలు సడలుటకు చుక్కలు వేసి మరల పరీక్షించి, రెండు కళ్ళకూ మైనస్ 2.5 అని డాక్టరమ్మ తేల్చినారు. కంటిగుడ్డు కొంత పొడవైనందున దూరపు వస్తువుల ప్రతిబింబం రెటీనా మీద పడక, దానికి ముందే ఏర్పడుచున్నదట. దీనినే హ్రస్వదృష్టి అంటారు. పుటాకార కటకం ఆ ప్రతిబింబాన్ని వెనుకకు జరిపి రెటీనా మీద నిలుపుతుంది.

"అద్దాలు లేకుండా ఎంతవరకు స్పష్టంగా చూడగలదు?" అని అడిగాము.

"నలభై సెంటీమీటర్లు" అన్నారు.

ఒక మూరైనా లేదు. పుస్తకం ఆ మూరకు ఈవల, నల్లబల్ల ఆవల. మేము మందలించిన నాడు మా ముఖం కూడా ఆవలనే ఉన్నది.

ఇంటికి వచ్చిన తరువాత మా తల్లిగారు కంటతడి పెట్టినారు. "ఆడపిల్లకు కళ్ళద్దాలా బేటా? రేపు సంబంధాలు ఎట్లా వస్తాయి? పెట్టుకొన్నకొద్దీ చూపు ఇంకా తగ్గుతుందట కదా!" అన్నారు. అద్దాల వలన చూపు తగ్గదనీ, ఎదిగే వయస్సులో కన్ను పొడవగుట వలన నంబరు పెరుగవచ్చుననీ, రోజుకు రెండు గంటలు ఆరుబయట ఆడుకొనుట మంచిదనీ డాక్టరమ్మ చెప్పిన మాటలు వినిపించాము. ఒక కంటిలోనే దోషం ఎక్కువగా ఉండి ఆలస్యమైనచో, మెదడు ఆ కంటిని ఉపేక్షించుట కూడా కలదని చెప్పాము. అంతటితో ఊరుకొనక, 10వ శతాబ్దంలో బస్రాలో జన్మించి కైరోలో నివసించిన ఇబ్న్ అల్ హైసమ్ గారిని కూడా పిలుచుకొని వచ్చాము. కంటి నుండి కిరణాలు వెడలి వస్తువును తాకుటచే చూపు కలుగుతుందన్న ప్రాచీన వాదాన్ని ఆయన 'కితాబ్ అల్ మనాజిర్' అను గ్రంథంలో ఖండించి, వెలుగే వస్తువు నుండి కంటిలో ప్రవేశిస్తుందని స్థాపించినారు.

మా తల్లిగారు సాంతం విని, "ఆయన కూతురికి సంబంధం ఎవరు చూచినారు?" అన్నారు.

మా పాండిత్యం అక్కడితో ముగిసింది. మా శ్రీమతి మెల్లగా అందుకొన్నది. "అమ్మీ, మీరు ఖురాన్ చదువుకొనుటకు అద్దాలు తెచ్చుకొన్నప్పుడు ఎవరైనా వద్దన్నారా? దానికీ చదువే కదా!" మా తల్లిగారు తమ అద్దాలను తీసి చూచుకొని, మరేమీ అనలేదు.

ఆ రాత్రి ఇబ్న్ అల్ హైసమ్ గారు మమ్ము నిద్రపోనీయలేదు. "సరిగా చూడు, శ్రద్ధగా చూడు" అని బిడ్డను గద్దించిన మేము, చూపు కంటి నుండి బయలుదేరుతుందన్న ఆ పాత వాదంలోనే ఉన్నామని తోచినది. వెలుగు సరిగా చేరని కంటికి శ్రద్ధ ఏమి చేయగలదు?

అద్దాలు పెట్టుకొన్న దినాన మా అమ్మాయి వీధిలో అడుగడుగునా ఆగింది. మసీదు మినారు మీద మైకులు నాలుగని లెక్కపెట్టింది. రోజూ వినే అజాన్ ఎక్కడి నుండి వస్తుందో ఆనాడు చూచినది. ఎదురింటి అరుగుకు దూరాన ఉండగానే పెద్దాయనకు సలాం చెప్పింది. మేడ మీద నిలుచున్న తల్లిని చూచి, "అబ్బా, అమ్మీ అంత దూరం నుంచి కూడా నవ్వుతుందా?" అని అడిగింది.

కొన్నాళ్ళకు, చంద్రమాసపు 29వ సాయంత్రం, మిద్దె మీదికి వెళ్ళాము. పడమట సన్నని నెలవంకను తానే ముందుగా చూచి, చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఇంత సన్నగా ఉంటుందా? ఎర్రగా ఉంటుందనుకొన్నాను" అన్నది. అప్పుడు మాకు గుర్తుకు వచ్చినది. అంతకుముందు రంజాన్ చివర ఇదే మిద్దె మీద, "నెలవంక కనిపించిందా బేటీ?" అని అందరమూ అడుగగా, "కనిపించింది" అని వేలు చూపినది. ఆ వేలు సెల్ టవరు మీది ఎర్రదీపాన్ని చూపుతున్నది. మేమంతా నవ్వుకొన్నాము.

"అబ్బా, అప్పుడు నేను చెప్పింది అబద్ధమా?"

"కాదు బేటీ. నీకు కనబడినది నీవు చెప్పావు. నీకేమి కనబడుతున్నదని మేమే అడుగలేదు."

2019 అక్టోబరు 10న ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైన కంటి వెలుగు పథకం తొలి దశలలో బడిపిల్లలనే పరీక్షించినది. చదువుకొన్న మేము ఇంటిలో ఉన్న బిడ్డను పరీక్షింపలేదు. ఈ విద్యాసంవత్సరం మా మొదటి తరగతిలో నల్లబల్ల మీద ఒక వాక్యం వ్రాసి, చివరి బెంచీల వారిచే చదివించాము. ఇద్దరు చదువలేకపోయినారు. వారిలో ఒకరు, ప్రక్కవాని పుస్తకంలో చూచి వ్రాయుచున్నాడని అంతకుముందు ఆరోపణ ఉన్న విద్యార్థి.