తొలిచూలు పడ్డ, ఒక ఇంజెక్షను

మా ఆఫీసులో అప్రైజల్ లెటర్లు వచ్చిన వారం ఎవడో ఒకడు "ఉద్యోగం మానేసి ఊళ్ళో డైరీ పెట్టేస్తా బాసూ" అంటాడు. వెంటనే ఎక్సెల్ తెరిచి పది గేదెలు, గేదెకి పది లీటర్లు, ముప్పై రోజులు.... అని గుణించేస్తాడు. ఆ షీట్లో నాకెప్పుడూ కనపడనిది తొలిచూలు పడ్డ. ఈ గోలంతా దాని గురించే.

మా బాబాయి వాళ్ళది రేపల్లె దగ్గర పల్లెటూరు. (2022 నుంచి బాపట్ల జిల్లా. మా మామ్మ మాత్రం ఇప్పటికీ గుంటూరు జిల్లా అనే అంటుంది.) కిందటేడు పిన్ని డ్వాక్రా అప్పు తీసుకుని ఓ చూడి పడ్డని కొంది. కార్తీకంలో ఈనింది. జున్నుపాలు అయిపోయాక చూస్తే రెండు పూటలా కలిపి మూడు లీటర్లు దాటట్లేదు. పక్కింటి మూడో ఈత గేదె ఎనిమిదిస్తోంది. పైగా మాది తంతుంది, చెయ్యి వేస్తే ఎగచేపుతుంది. వాయిదా నెలనెలా కట్టాలి కదా! "ఒక్క ఇంజెక్షన్ పొడిస్తే ధారగా వస్తాయి" అని బాబాయికి ఎవరో చెప్పారు. తెనాలి వెళ్ళినప్పుడు తెచ్చేస్తానన్నాడు. పిన్ని వద్దంది. ఇద్దరూ మాట్లాడుకోవడం మానేసి విడివిడిగా నాకు ఫోన్లు చేశారు :)

కంప్యూటర్ చదివినవాడికి అన్నీ తెలుసని మా వాళ్ళ నమ్మకం. రెండు రాత్రులు కూర్చుని చదివా.

ఆ ఇంజెక్షన్ ఆక్సిటోసిన్. గేదె మెదడు తనంతట తాను వదిలే హార్మోనే. దూడ మూతితో పొదుగుని కుమ్మితే అది రక్తంలోకి వస్తుంది, పొదుగు లోపలి పాలగదుల చుట్టూ ఉన్న సన్నటి కండరాలు బిగుసుకుని పాలని కిందికి తోస్తాయి. మనవాళ్ళు చేపడం అనేది దీన్నే. కొత్త మనిషి కూర్చున్నా, కర్ర చూపించినా అడ్రినలిన్ వచ్చి ఆ పని ఆపేస్తుంది. మేకకైతే పాలు చాలావరకు ముందే పొదుగు కింది తిత్తిలోకి దిగి ఉంటాయి, చేపకపోయినా చెంబులో ఎంతో కొంత పడతాయి. గేదెకి ఆ తిత్తిలో ఉండేది నూటికి ఐదు వంతులు. మిగతాదంతా పైనే! అంటే గేదె ఒప్పుకుంటేనే పాలు. తీయకుండా మిగిలిపోయే కొద్దీ పొదుగు తయారీ కూడా తగ్గించుకుంటుంది.

ఇంజెక్షన్ కొత్తగా పాలు పుట్టించదు, ఉన్నవి దింపుతుంది అంతే. అలవాటు పడ్డాక అది లేకుండా చేపడం కష్టం. పాల కోసం పశువుకి హాని చేసే ఇంజెక్షన్లు ఇవ్వడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 12వ సెక్షన్ కింద నేరం కూడా. 2018లో కేంద్రం ప్రైవేటు కంపెనీలు ఈ మందు తయారు చేయకూడదంది. కాన్పయ్యాక తల్లికి రక్తస్రావం ఆపడానికి వాడేదీ ఇదే, అందుకని ఆ డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. ఆ పాలు తాగితే మనకేమవుతుందో అని వాట్సాప్‌లో తిరిగే కథలు నాకనవసరం, నా బాధ గేదె గురించి.

బాబాయికి ఇంకోటి చెప్పా. తొలిచూలు గేదె ఇంకా ఎదుగుతూనే ఉంటుంది. తిన్నదాంట్లో కొంత దాని ఒంటికే పోతుంది. పొదుగూ పూర్తిగా పెరిగి ఉండదు. ఈనిన ఆరేడు వారాలకి గానీ పాలు గరిష్ఠానికి రావు. ఫ్రెషర్ని చేరిన పదో రోజున టీమ్ లీడ్ పక్కన నిలబెట్టి కొలిస్తే ఎలా?

"నీ కబుర్లు వాయిదా కట్టవురా" అన్నాడు.

నిజమే మరి. అయినా పిన్ని తన పని తను చేసుకుపోయింది. రోజూ ఒకటే వేళ, తనొక్కతే పితకడం, ముందు దూడని వదలడం, గోరువెచ్చటి నీళ్ళతో పొదుగు కడగడం, ఎదురుగా తవుడూ తెలగపిండీ. తన్నినా కొట్టేది కాదు. కష్టమల్లా పచ్చిమేతకే. ఒకప్పుడు మావైపు వరి కోతకి ముందే చేలో జనుమో పిల్లిపెసరో చల్లేవాళ్ళు. ఇప్పుడు వరి తర్వాత మొక్కజొన్న, రూపాయి కనపడేది అందులోనే, వాళ్ళని తప్పుపట్టలేం. పిన్ని కాలవగట్ల మీద గడ్డి కోసుకొచ్చేది.

ఆరో వారానికి ఐదున్నర లీటర్లొచ్చింది. ఎనిమిది కాదు, ఈ ఈతకి రాదు కూడా. తన్నడం మానేసింది.

ఇప్పుడు కొత్త తగువు. పిన్ని నాలుగు చన్నుల్లో ఒకటి దూడకి పూర్తిగా వదిలేస్తోంది. దున్నపోతు దూడకి అన్ని పాలెందుకని బాబాయి గొణుగుడు. పాలు తాపక దూడ చచ్చిపోతే గేదె చేపడం మానేస్తుంది, అప్పుడు మళ్ళీ ఇంజెక్షన్ మాటే వస్తుందని పిన్ని. నా ఓటు పిన్నికే. పోయిన నెల వాయిదాకి తక్కువైతే నేను పంపా. ఊరికే తీసుకోనంది, నోటు పుస్తకంలో నా పేరు మీద అప్పు రాసుకుంది.