మా వాడి ములాఖాతు

"అబ్బాయి కులాసాయేనా?" అని మన సంఘంలో ఎవరైనా అడిగితే నేను నీళ్ళు నములుతాను. మా ఆవిడ మాత్రం "పరప్పన అగ్రహారం జైల్లో ఉన్నాడండీ" అనేస్తుంది.

వాడింకా విచారణ ఖైదీయే. శిక్ష పడినవాడు కాడు. ఈ తేడా పట్టించుకునేవారు బహు తక్కువ. 2024 జులై 1న అమలుకొచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారం, వాడిమీద మోపిన నేరానికి పోలీసులు 60 రోజుల్లో ఛార్జిషీటు వేయకపోతే జామీను పొందే హక్కుంది. వేళ్ళమీద లెక్కపెట్టుకున్నాం. 58వ నాడు వేశారు. ఆ రాత్రి మా ఇంట పొయ్యి వెలగలేదు.

ములాఖాతులో నేను వకీలు చెప్పిన సంగతులే వల్లించాను. ఆవిడ "తిన్నావట్రా?" అంది. వాడు పుట్టి పెరిగింది బెంగుళూరులోనే. ఇంట్లోనూ సగం కన్నడమే మాట్లాడేవాడు. మొన్న మాత్రం అచ్చ తెలుగులో, "అమ్మా, ఈ ఏడు చింతకాయ పచ్చడి పెట్టావా?" అన్నాడు.

పెట్టింది. జాడీకి కట్టిన వాసెన ఇంకా విప్పలేదు.