కరెంటూ నీళ్లూ అద్దెలోనే

ధర్మపురిలో ఇల్లు చూస్తున్నారా? గోదావరి ఒడ్డున నరసింహస్వామి ఉన్న ధర్మపురి కాదండోయ్, తమిళనాట సేలం దాటాక బెంగళూరు దారిలో వచ్చే ధర్మపురి. తెలుగు మాట్లాడేవాళ్లు అక్కడా తగులుతారు. "కరెంటూ నీళ్లూ అన్నీ అద్దెలోనే బాబూ" అని ఓనరమ్మ అంటే ప్రాణం లేచొస్తుంది. అప్పుడే అడ్వాన్సు తీయకండి.

అక్కడ కరెంటు బిల్లు రెండు నెలలకోసారి. 2016 నుంచి ప్రతి ఇంటి కనెక్షనుకూ ఆ రెండు నెలలకు 100 యూనిట్లు ఉచితం. కిటుకంతా మీటరులోనే ఉంది. పైన ఓనరమ్మ, కింద రెండు వాటాలు, ముగ్గురికీ ఒకే మీటరు అనుకోండి. తలా 200 యూనిట్లు వాడితే మొత్తం 600. వేరువేరు మీటర్లుంటే అందులో 300 ఉచితం, ఇప్పుడు వందే. పైగా వాడకం పెరిగేకొద్దీ స్లాబు మారి యూనిట్ ధర ఎక్కుతుంది. ఆ తేడా ఓనరమ్మ భరిస్తుందనుకుంటున్నారా? అద్దె చెప్పినప్పుడే కలిపేసుకుని ఉంటుంది. లేదంటే మే నెలలో మీ కూలరు మీదే ఆవిడ చెవి! అందుకే నన్నడిగితే, అద్దె కాస్త ఎక్కువైనా సొంత మీటరున్న వాటాయే మేలు.

ఏది కుదిరినా కాగితం మీద రాయించుకోండి. 2019లో అమల్లోకి వచ్చిన తమిళనాడు అద్దె చట్టం ప్రకారం, గొడవొచ్చిందని ఓనరు కరెంటు, నీళ్లు ఆపకూడదు.

ఇక నీళ్లు. మన నల్లగొండ గోడే ఇక్కడా ఉంది. ఈ జిల్లా బోరు నీళ్లలో చాలాచోట్ల ఫ్లోరైడ్ ఎక్కువ. పళ్ల మీద మచ్చలు, ముదిరితే ఎముకల జబ్బు. కాచి తాగినా అది పోదు. అందుకే జపాన్ రుణంతో హొగేనకల్ దగ్గర కావేరి నీళ్లను శుద్ధిచేసి ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలకు అందించే పథకం కట్టారు. 2013లో మొదలైంది. కాబట్టి "నీళ్లు అద్దెలోనే" అన్నప్పుడు ఏ నీళ్లమ్మా అని అడగండి. వంటింటి కుళాయికి వచ్చేది కావేరా, బోరా? రెండూ ఒకే ట్యాంకులో కలుస్తున్నాయా? మేడెక్కి చూసి రావడానికి మొహమాటపడకండి. బోరు నీళ్లే అయితే తాగడానికీ వంటకీ క్యాన్లు కొనుక్కోవాల్సింది మీరే. ఆ ఖర్చు కూడా లెక్కేసుకుని, బేరం అప్పుడు మొదలుపెట్టండి.