రెండో తాళం చెవి

బ్యాంకులో ముప్ఫై ఏళ్లు పైబడి పనిచేసినవాడికి కెమెరాల గురించి రాసే అర్హత ఏముందని పాఠకులు అడగవచ్చు. నిజమే. బి.కాం. చదివి, జమా ఖర్చుల మధ్య తల నెరిసినవాణ్ణి. ఫోటోగ్రఫీలో నాకు డిగ్రీ లేదు, బహుమతులూ రాలేదు. అయితే ఒక పెద్ద పొరపాటు చేశాను. దాన్ని సరిదిద్దుకోవడానికి కొంత తెలుసుకున్నాను. ప్రయాణాలు చేసే కుటుంబాలకు పనికొస్తుందని ఈ నాలుగు మాటలు.

మాది బరంపురం. 1936లో ఒడిశా ఏర్పడక ముందు, ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల నుంచీ మా వాళ్లు ఇక్కడే ఉన్నారు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, ఆఫీసులో రెండూ కలిపి ఇంగ్లీషు. అమ్మ మాత్రం వంశధార ఒడ్డు నుంచి కోడలుగా వచ్చింది. శ్రీముఖలింగానికి దగ్గర్లో ఒక చిన్న పల్లె. అరవై ఏళ్లు బరంపురంలో కాపురం చేసినా, "మా ఊర్లో" అని మొదలుపెట్టిందంటే ఆ పల్లె గురించే.

2020 జనవరిలో, సంక్రాంతి వెళ్లిన వారానికి, "ఒక్కసారి మా ఊరు చూపించీరా బాబూ, మళ్లీ అడగను" అంది. అప్పటికి ఆవిడకు డెబ్బై తొమ్మిదేళ్లు. కారు మాట్లాడుకుని తెల్లవారకముందే బయల్దేరాం. ఇచ్ఛాపురం, పలాస, టెక్కలి దాటుకుంటూ వెళ్లాం. నా భుజాన పెద్ద కెమెరా ఉంది. మార్చుకునే లెన్సులు, మెత్తని సంచీ, తుడుచుకునే గుడ్డ, సరంజామా అంతా పెళ్లివారి సామానులా వెంట ఉంది. లేనిదల్లా దానికి మారుగా మరొకటి.

ముఖలింగంలో దర్శనం చేసుకుని, గుడి బయట అమ్మని నిలబెట్టి కెమెరా ఎత్తాను. లోపల ఏదో కిర్రుమంది. తెర మీద తప్పు జరిగినట్టు ఒక గుర్తు వచ్చింది. బ్యాటరీ తీసి పెట్టాను, లెన్సు విప్పి బిగించాను. షట్టర్ కదలలేదు. అది ఏ కంపెనీదో చెప్పడం అనవసరం. యంత్రం అన్నాక ఎప్పుడో ఒకప్పుడు మొరాయిస్తుంది. "ఏటిరా, ఇంకా అవ్వలేదా?" అని అమ్మ ఎండలో కళ్లు చికిలించి అడుగుతూనే ఉంది.

ఫోను ఉంది కదా అనుకున్నాను. బరంపురం నుంచీ దారి చూపిస్తూ వచ్చింది ఆ ఫోనే. మధ్యలో బెంగళూరులో ఉన్న మా అబ్బాయి వీడియోలో నాయనమ్మతో అరగంట మాట్లాడిందీ ఆ ఫోనులోనే. చార్జింగు వైరు ఇంట్లో బల్ల మీద ఉండిపోయింది. పల్లెకు చేరేసరికి బ్యాటరీ నాలుగు శాతం.

అమ్మ పుట్టిన ఇల్లు ఇప్పుడు వేరేవాళ్లది. అరుగు మాత్రం అలాగే ఉంది. ఆ అరుగు మీద అమ్మ కూర్చుందో లేదో, ఎదురింట్లోంచి ఒక ముసలావిడ చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని వచ్చి, "ఓలమ్మా, నువ్వేనేటే!" అంది. చిన్ననాటి స్నేహితురాలు. ఇద్దరూ కలుసుకుని నలభై ఏళ్లు దాటింది. చేతులు పట్టుకున్నారు, నవ్వారు, ఏడ్చారు, మళ్లీ నవ్వారు. నేను ఫోను తీసి ఒక్క ఫోటో తీశాను. చెయ్యి వణికి బొమ్మ కదిలింది. రెండోది తీయబోతే ఫోను ఆరిపోయింది.

"మళ్లీ వద్దాంలే" అన్నాను. మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. 2021 మేలో అమ్మ వెళ్లిపోయింది. ఆ నెల మనలో చాలా ఇళ్లకు గుర్తే, వివరాలు రాయను. పటం కట్టించడానికి మంచి ఫోటో కోసం వెతికితే, ఒక పెళ్లి గ్రూపు ఫోటోలోంచి కత్తిరించవలసి వచ్చింది. మా హాల్లోని పటంలో అమ్మ భుజం మీద ఇప్పటికీ ఎవరిదో చెయ్యి కనిపిస్తుంది.

బ్యాంకులో స్ట్రాంగ్ రూముకు ఒక్కరి తాళంతో పని జరగదు. ఇద్దరు అధికారుల దగ్గర చెరో తాళం చెవి ఉంటుంది. అంతేకాక, ఆ చెవులకు నకళ్లు సీలు వేసి వేరే శాఖలో దాస్తారు. కొంతకాలానికి ఒకసారి వాటిని తెప్పించి వాడుకలో పెట్టి, వాడుతున్నవాటిని అక్కడికి పంపుతారు. అవసరం వచ్చిన రోజున తాళం పడుతుందో లేదో అని చూసుకునే పరిస్థితి రాకూడదని ఆ ఏర్పాటు. పరాయివాళ్ల సొమ్ముకు ఇంత జాగ్రత్త పడ్డవాణ్ణి, మా అమ్మని ఆవిడ పుట్టింటికి ఒక్క తాళం చెవితో తీసుకెళ్లాను.

2022లో మళ్లీ ప్రయాణాలు మొదలయ్యాక రెండో కెమెరా కొనాలని తీర్మానించాను. మా అబ్బాయి, "ఈ రోజుల్లో కెమెరా ఎందుకు నాన్నా, మంచి ఫోను కొనుక్కో" అన్నాడు. ఫోన్లు ఇప్పుడు చక్కటి బొమ్మలు తీస్తున్నాయి, కాదనను. అయితే ప్రయాణంలో అదే దారి చూపాలి, అదే రైలు టిక్కెట్టు, అదే డబ్బు సంచీ, ఇంటికి కబురూ అదే. అది ఆగితే అన్నీ ఆగుతాయి. అప్పు తీసుకున్నవాడు తనకు తానే జామీను ఉంటానంటే మేము ఒప్పుకోం. ఇదీ అంతే అన్నాను. వాడు నవ్వి ఊరుకున్నాడు.

ఎలాంటిది కొనాలో తేల్చుకోవడానికి ముందు నా పాత ఖాతా తిరగేశాను. డిజిటల్ ఫోటో ప్రతిదానిలోనూ అది ఎంత జూమ్‌లో తీసిందీ, ఎప్పుడు తీసిందీ, వెలుతురు ఎంతన్నదీ దాగి ఉంటుంది. కంప్యూటర్లో తెరిస్తే కనిపిస్తుంది. నాలుగేళ్ల ఫోటోలు ముందు పెట్టుకుని ఆదివారాలు లెక్క కట్టాను. దూరాన ఉన్న పక్షుల కోసం పెద్ద జూమ్ కావాలనుకునేవాణ్ణి. తీరా చూస్తే పదింట తొమ్మిది మనుషుల బొమ్మలే. అరుగుల మీద, రైలు పెట్టెల్లో, భోజనాల బంతుల్లో తీసినవి. సగానికి సగం దీపాల వెలుగులో తీసినవి. నాకు కావలసింది దూరపు చూపు కాదు, మసక వెలుతురులో చూపు.

అప్పుడు మూడు రకాలు నా ముందు నిలిచాయి. మొదటిది కెనాన్ ఎస్ఎక్స్ 740. జేబులో పట్టే కెమెరాలో నలభై రెట్ల జూమ్. గోపాలపూర్ ఒడ్డున నిలబడి దూరాన వెళ్లే పడవను దగ్గరికి లాక్కోవచ్చు. కానీ వెలుతురును పట్టే సెన్సర్ చాలా చిన్నది. రెండోది రికో జీఆర్ 3. దాని సెన్సర్ నా పెద్ద కెమెరాలో ఉన్నంతది, బరువు పావుకిలో పైచిలుకు. బొమ్మ నాణ్యతకు వంక పెట్టలేం. అయితే జూమ్ అసలు లేదు. దగ్గరికి కావాలంటే మనమే నడిచి వెళ్లాలి. గుడి ముందు జనంలో, మోకాళ్ల నొప్పులతో, అది నాకు కుదరదు.

మూడోది 2014లో వచ్చిన సోనీ ఆర్ఎక్స్ 100 మార్క్ 3. దీని సెన్సర్‌ను ఒక అంగుళం సెన్సర్ అంటారు. కొలిస్తే 13.2 మిల్లీమీటర్ల పొడవు, 8.8 మిల్లీమీటర్ల వెడల్పు మాత్రమే, ఎటు చూసినా అంగుళం రాదు. పూర్వం టెలివిజన్ కెమెరాల్లో వాడిన గాజు గొట్టాల కొలతల నుంచి ఆ పేరు నిలిచిపోయిందట. ముఖ విలువ ఒకటి, అసలు విలువ ఒకటి అన్నమాట. అయినా మొదటిదాని సెన్సర్ కంటే వైశాల్యంలో నాలుగింతలు ఉంటుంది. వానకు పెరట్లో గిన్నె పెట్టడానికీ గంగాళం పెట్టడానికీ ఉన్నంత తేడా. లెన్సు మూత కూడా ఎఫ్ 1.8 వరకు తెరుచుకుంటుంది. జూమ్ మూడు రెట్లే, నా లెక్కకు అది చాలు.

ఇంకో రెండు సంగతులు నన్ను దానివైపు మొగ్గించాయి. దాని మూలలోంచి చిన్న కిటికీలాంటి వ్యూఫైండర్ పైకి లేస్తుంది. ఎండలో వెనక తెర మీద మన మొహమే తప్ప బొమ్మ కనపడదు. యాభై దాటి, కళ్లజోడు పైకీ కిందికీ సర్దుకునేవాళ్లకు కన్ను ఆన్చి చూసే ఆ కిటికీ ఎంత హాయో చెప్పలేను. రెండోది, నా పెద్ద కెమెరాలో వేసే ఎస్‌డీ కార్డే దీనిలోనూ పడుతుంది. ఒకటి చెడితే కార్డు తీసి రెండోదాంట్లో వేసుకోవచ్చు. మామూలు వైరుతో కెమెరాలోనే బ్యాటరీ నింపుకోవచ్చు కూడా.

కొత్తది కొనే ఖర్చు పెట్టలేక, వాడినది 24,000 రూపాయలకు తీసుకున్నాను. తాకట్టు వస్తువును పరీక్షించినట్టే పరీక్షించాను. లెన్సు బయటకీ లోపలికీ చప్పుడు లేకుండా తిరుగుతోందా, వ్యూఫైండర్, ఫ్లాష్ లేస్తున్నాయా, బ్యాటరీ ఉబ్బిందా, బిల్లు మీది నంబరూ అడుగున ఉన్న నంబరూ ఒకటేనా చూశాను. తర్వాత లెన్సు మూతను బాగా చిన్నది చేసి తెల్లని గోడను ఫోటో తీశాను. లోపల దుమ్ము ఉంటే ఆ తెలుపు మీద మచ్చలుగా బయటపడుతుంది. వాడినది కొనేవాళ్లు ఈ ఒక్క పరీక్ష మాత్రం మానవద్దు.

కొని బీరువాలో పెడితే అది రెండో తాళం చెవి కాదు. అందుకే నెలకోసారి ఒక ఆదివారం పెద్దదాన్ని ఇంట్లో వదిలేసి చిన్నదానితోనే తిరుగుతాను. 2023లో మా ఊరి ఠాకురాణీ యాత్ర మొత్తం దానితోనే తీశాను. రెండేళ్లకోసారి వచ్చే పండుగ, మా చేనేత కుటుంబాలకు ప్రాణం. రాత్రిపూట ధూళి, డప్పులు, విద్యుద్దీపాలు, పులి వేషాలు. పక్కింటి కుర్రాడు పులి రంగులతో వచ్చి, అరుగు మీద కూర్చుని టీ తాగుతుంటే తీసిన బొమ్మ వాళ్ల ఇంట్లో ఇప్పుడు గోడ మీద ఉంది. పెద్ద కెమెరా ఎత్తితే కుర్రాళ్లు ఫోజు పెడతారు. దీన్ని ఎవరూ లెక్కచెయ్యరు. అదే దాని గొప్ప.

మరో నియమం పెట్టుకున్నాం. రెండూ ఒకే సంచీలో ఉండకూడదు. పెద్దది నా భుజాన, చిన్నది మా ఆవిడ హ్యాండ్‌బ్యాగులో. నకలు తాళం అదే గదిలో పెడితే ఏం లాభం? దీనివల్ల ఒక చిక్కు వచ్చిపడింది. చిన్నదానితో ఆవిడ తీసిన బొమ్మలే బాగుంటున్నాయని చుట్టాలు అంటున్నారు. ఇంటికి రాగానే ఫోటోలు రెండు చోట్ల దాస్తాం, ఒకటి మా దగ్గర, ఒకటి బెంగళూరులో అబ్బాయి దగ్గర. మంచివాటిని కాగితం మీద అచ్చు వేయిస్తాం.

2024 సంక్రాంతికి మళ్లీ ఆ పల్లెకు వెళ్లాం, ఈసారి రెండు కెమెరాలతో. అమ్మ స్నేహితురాలు ఇంకా ఉంది. బాగా వంగిపోయింది. నన్ను పోల్చుకోవడానికి కాస్త సమయం పట్టింది. అమ్మ లేదని చెబితే తలూపింది. "తెలిసింది బాబూ" అంది.

నాలుగేళ్ల క్రితం తీసిన ఆ ఒక్క ఫోటోను పెద్దది చేయించి తీసుకెళ్లాను. ఇచ్చేముందు, "కదిలిపోయింది పెద్దమ్మా, ఏమనుకోవద్దు, సరిగ్గా కనపడదు" అన్నాను. ఆవిడ దాన్ని మొహానికి దగ్గరగా, దూరంగా పెట్టి చాలాసేపు చూసింది.

"నా కళ్లకి అన్నీ ఇలాగే అవుపడతాయి కదేటి" అని పైటచెంగుతో ఒకసారి తుడిచి, ఒళ్లో పెట్టుకుంది.

ఆ అరుగు మీదే ఆవిడకు ఫోటోలు తీశాను. పెద్దదానితో పన్నెండు, చిన్నదానితో తొమ్మిది. మా ఆవిడ పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకుంది. అన్నీ స్పష్టంగా వచ్చాయి. అచ్చు వేయించి వాళ్ల మనవడి పేరున రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. అందినట్టు వాళ్లు ఫోను చేశారు.

పాఠకులకు నా మనవి ఒక్కటే. ఏ కెమెరా కొంటారో మీ ఇష్టం, మీ జేబు. ఈసారి పెద్దవాళ్లను వాళ్ల పుట్టినూరికి తీసుకెళ్లేటప్పుడు మాత్రం రెండోది ఒకటి వెంట ఉంచుకోండి. ముందు రోజు రాత్రి దాన్ని ఒకసారి ఆన్ చేసి చూడండి. చార్జింగు వైరు బల్ల మీద వదిలేయకండి.