నెగెటివు మీద పెన్సిలు

మా మొగుళ్ళపల్లిలో పెండ్లంటే ఇప్పుడు పంతులుగారి కన్నా ఫోటోగ్రాఫరే ఎక్కువ మాట్లాడతాడు. "తాళి గట్లనే పట్టుకో బాపూ, ఇటు సూడు!" పంతులుగారు మంత్రం ఆపి నిలబడాల్సిందే! అదలా ఉంచి, నేను చెప్పబోయేది పెండ్లి అయ్యాక జరిగే పని గురించి.

మా పెద్దబాపుది పాత ఫోటోల చెయ్యి. యాషికా కెమెరా, 120 ఫిల్ము, చుట్టకు 12 ఫోటోలు. ఆయనకు రీటచింగంటే సన్నగా చెక్కిన పెన్సిలే. కింది నుండి వెలుగు వచ్చే అద్దం మీద నెగెటివు పెట్టి, ముడుత ఉన్నచోట చుక్కలు చుక్కలుగా గీసేవాడు. ప్రింటులో నల్లగా పడే నీడ నెగెటివులో తేటగా ఉంటుంది. అక్కడ పెన్సిలు నలుపు చేరితే ప్రింటులో నీడ పలచబడుతుంది. ఇదేమీ ఆయన కనిపెట్టింది కాదు. ఆరవ నిజాం కొలువులో రాజా దీన్‌దయాళ్ (1844–1905) చిత్రాలు తీసిన కాలానికే దేశదేశాల స్టూడియోల్లో నెగెటివు దిద్దడం ఉంది. 1990లో వెలువడిన ఫోటోషాప్‌లోని డాడ్జ్, బర్న్ కూడా చీకటిగదిలో ఎన్‌లార్జరు వెలుగుకు చెయ్యి అడ్డుపెట్టే పాత విద్యలే.

మరి తేడా ఎక్కడ? పెన్సిలుకు ఓపిక కావాలి గనుక అది కొంచెమే చెరిపేది. మౌసుకు ఆ అడ్డు లేదు.

మా అక్క పెండ్లి ఆల్బము వచ్చింది. అక్క ముఖం హైదరాబాదుది, చేతులు మొగుళ్ళపల్లివి! ముఖాన్ని తెల్లబరచినవాడు చేతులు మరిచాడు. మా నాయనమ్మ తన బొమ్మను చాలాసేపు చూసి, "గీ ముసల్ది ఎవలు బిడ్డా?" అన్నది. గదవ మీది పచ్చబొట్టు లేదు. ముడుతలు లేవు.

మరుసటేడు నాయనమ్మ పోయింది. గోడకు పెట్టడానికి ఆ ఫోటో ఒక్కటే దిక్కు. అసలు ఫైళ్ళు అడిగితే, డిస్కు నిండి తుడిచేశామన్నారు. పెద్దబాపు ఏమీ అనకుండా ట్రంకు పెట్టె తీసి, తన తల్లిని తాను తీసిన పాత నెగెటివు వెతికి ఇచ్చాడు. ఏటవాలుగా పట్టి చూస్తే కండ్ల కింద పెన్సిలు గీతల మెరుపు. పచ్చబొట్టు జోలికి మాత్రం పోలేదు.

మన కాలేజీలో సెలవుల్లో ఆల్బము పని చేసే మిత్రులు చాలామందే. వారికి నాలుగు మాటలు: అసలు బొమ్మను ముట్టకుండా వేరే లేయరు మీద పని చెయ్యండి. నునుపు చేశాక దాని ఒపాసిటీ సగానికి తగ్గించి చూడండి. మొటిమ వారంలో పోయేదే, తీసెయ్యండి. పుట్టుమచ్చ మనిషిది, అడగకుండా తియ్యకండి. ముఖం రంగు మారిస్తే మెడ, చేతులు కూడా చూసుకోండి.

పాత నెగెటివులోని పచ్చబొట్టును నేను ఆల్బము బొమ్మకు అతికించాను. అది కుదిరింది గాని ముడుతలు రాలేదు. తుడిచేసిన వివరాన్ని ఏ పనిముట్టూ తిరిగి తేలేదు. పెద్దబాపు చూసి, "వద్దు తియ్, పాతదే పెడదాం" అన్నాడు. ఇప్పుడు మా గోడ మీద నాయనమ్మ తన కొడుకుల కన్నా చిన్నది.