తూము నుంచి వంతెన దాకా

మాది దివిసీమలో చిన్న జిల్లా పరిషత్ హైస్కూలు. వానపడితే గ్రౌండంతా బురదే. అందుకే పీఈటీ సారు మమ్మల్ని కాలవ గట్టు మీద పరిగెత్తించేవారు. 400 మీటర్లంటే మాకు తూము నుంచి వంతెన దాకా.

పదో తరగతిలో పోటీలకి విజయవాడ ఇందిరాగాంధీ స్టేడియానికి వెళ్లాం. గీతలు గీసిన ట్రాక్ చూడటం అదే మొదటిసారి. అసలు వెళ్లాల్సింది నేను కాదు. గట్టు మీద రోజూ నన్ను ఓడించే నా బెంచీమేటు. నాట్ల రోజులు, కూలి పోతుందని వాళ్లమ్మ పంపలేదు. తన బదులు నేను పరిగెత్తి మూడోదాన్నయ్యాను.

2024లో విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల హర్డిల్స్ పరిగెత్తింది. ఆ పోటీలో దిగిన మొదటి భారతీయురాలు. హాస్టల్లో అందరం కేకలేశాం. రాత్రి ఫైల్లోంచి ఆ సర్టిఫికెట్ తీశాను. పేరు నాదే. పరుగు మాత్రం తనది.